కుక్కుటరుతమును ఊకాలసూత్రమును

అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదమందలి 27వ సూత్రము అచ్చులకు హ్రస్వ దీర్ఘ ప్లుత సంజ్ఞలను విధించుచున్నది. ఏకమాత్రము, ద్విమాత్రము, త్రిమాత్రము నగు మూఁడు ఉకారములను వరుసగాఁ బేర్చి, సవర్ణదీర్ఘముచే నొక్క ఊకారముగాఁ గలిపి, వాని కాలమువంటి కాలము గల యచ్చునకుఁ గ్రమముగా నా మూఁడు పేళ్లు కలుగునని సూత్రార్థము. ఇచట శిష్యుఁ డడుగు మొదటి ప్రశ్న యెల్లవారికిని దెలిసినదే. వర్ణసమామ్నాయమున మొదటిది అకారము, పిదపది ఇకారము. ఆ రెంటిని విడిచి మూఁడవదగు ఉకారమునే యాచార్యుఁ డేల గ్రహించెను? దీనికి వ్యాఖ్యానపరంపరయందును, పాఠశాలలయందును జెప్పఁబడు సమాధానమును బ్రసిద్ధమే. కోడికూఁతలో ఉకారము హ్రస్వముగాను, దీర్ఘముగాను, ప్లుతముగాను వరుసగా వినఁబడుచున్నది. ఆ ప్రసిద్ధినిబట్టి యాచార్యుఁడు దాని నెన్నుకొనెను అని.

ఈ సమాధానము వినుట కింపైనది. వేఁకువజామున లేచి సంథ చెప్పుకొను బాలుని చెవి కన్నిటికంటె ముందు సోఁకు ధ్వని కోడికూఁతయే. శాస్త్రము తన పెరటిలోనే యున్నదని తోఁచినప్పు డా బాలునకుఁ గలుగు సంతోషమును ఎఱిఁగిన యధ్యాపకుఁ డెవ్వఁడును దీనిని విడువఁడు. కాని యింపైన మాటలన్నియు హేతువులు కావు. సూత్రమునఁ గోడి ప్రస్తావన లేదు. మఱియొక సూత్రముమీఁద భాష్యకారుఁడు కోడికూఁతనుగూర్చియే విచారించి యొక నిర్ణయము చేసియున్నాఁడు. ఆ నిర్ణయముతో నీ సమాధానము పొసఁగునా యని యడిగినవా రరుదు.

ముందుగా, అకారమును విడుచుటకుఁ గోడితోఁ బనిలేదు. హ్రస్వమగు అకారము ప్రయోగమున సంవృతము. దాని దీర్ఘప్లుతములు వివృతములు. ప్రక్రియాదశలో హ్రస్వమును గూడ వివృతముగా భావించి, అష్టాధ్యాయి తుది సూత్రముచేత (8-4-68) మరల సంవృతత్వము చెప్పఁబడుచున్నది. కాలభేద మొక్కటియే చూపవలసిన తావున, ప్రయత్నభేదము గూడఁ గల వర్ణమును జూపినచో శిష్యునకు సందేహము కలుగును. కావున అకారత్యాగము శాస్త్రబలముననే సిద్ధించుచున్నది. ఇఁక ఇకారోకారములు రెండును నిర్దోషములు. రెంటిలో నొకదానిని గ్రహించుటకు వ్యాకరణప్రక్రియలో బలమైన కారణము కనఁబడదు. కోడి కవకాశ మున్నచో నిచటనే యున్నది. ఇంతకుమించి లేదు.

ఇప్పుడు భాష్యమును జూడవలెను. వ్యక్తవాక్కులు కలిసి పలుకుటయందు వదధాతువునకు ఆత్మనేపదమును 1-3-48 సూత్రము విధించుచున్నది. బ్రాహ్మణులు కలిసి పలికినచో 'సంప్రవదంతే' యగును. వ్యక్తవాక్కులు అను పద మేల యనఁగా, కోళ్లు కలిసి కూసినప్పుడు 'సంప్రవదంతి' యనియే యుండుటకని, తెల్లవాఱుచున్నదని ప్రియురాలికిఁ దెలుపు నొక శ్లోకపాదము ప్రత్యుదాహరణముగా నీయఁబడినది. పతంజలి యంతటితోఁ దనియలేదు. మాటాడు ప్రాణులన్నియు నొకవిధముగా వ్యక్తవాక్కులే కదా యని శంకించి, ఎవ్వరి వాక్కున అకారాదివర్ణములు వ్యక్తమగునో వారే యిచట గ్రాహ్యులని చెప్పెను. అంతట పూర్వపక్షి విడువక, కోళ్ల వాక్కునందును వర్ణములు వ్యక్తమగుచునే యున్నవి, అవి 'కుక్కుట్' అని పలుకుచున్నవి కదా యనెను. దానికి భాష్యకారుని యుత్తరము మిక్కిలి చిన్నది. కోళ్లు అట్లు పలుకుట లేదు, అది వాని కూఁతకు అనుకరణము మాత్రమే అని.

ఈ యొక్క యుత్తరముతో ఊకాలసూత్రముపైని ప్రసిద్ధసమాధానము చిక్కునఁ బడుచున్నది. కోడివాక్కున వర్ణమే వ్యక్తము కానిచో ఉకార మెట్లు వ్యక్తమగును? ఉకారమే లేనిచో దాని మూఁడు కాలము లెక్కడివి? కోడి ఉకారమును మూఁడు విధములఁ బలుకునని 1-2-27 కడఁ జెప్పిన యధ్యాపకుఁడు, ఆ పాదము ముగిసి తరువాతి పాదమున 48వ సూత్రమునకు వచ్చునప్పటికిఁ గోడి వర్ణములు పలుకదని చెప్పవలసి వచ్చును. ఒక్క తరగతిలో నొక్క మాసమున నీ రెండును జెప్పఁబడుచున్నవి. శిష్యులు పోల్చి చూడకపోవుట యధ్యాపకుల యదృష్టము.

పతంజలి చెప్పినది కేవలము వాదబలమునఁ జెప్పినది కాదు. వస్తుస్థితియు నట్లే యున్నది. ఉకారమునకు స్థానము ఓష్ఠము. కోడికి ఓష్ఠములు లేవు. ముక్కు తెఱచుటయే కాని గుండ్రముగా ముడుచుట దానికి సాధ్యము కాదు. అంతేకాదు, మనుష్యునివలెఁ గోడికి ధ్వని కుత్తుక పైభాగమునఁ బుట్టదు. శ్వాసనాళము రెండు పాయలుగాఁ జీలు చోట, ఱొమ్ములోపల, పక్షులకు మాత్రమే గల 'సిరింక్సు' అను నంగము కలదు. ఊపిరి వచ్చునప్పు డందలి పొరలు కంపించి ధ్వని పుట్టును. శిక్షాకారులు పేర్కొన్న యెనిమిది స్థానములలో దీనికి దగ్గఱయైనది ఉరస్సు. అట్టి ధ్వనిలో ఉకారమును వినుట శ్రోత చేయు పనియే కాని కోడి చేయు పని కాదు.

దేశదేశముల యనుకరణములను బోల్చినచో నిది యింకను స్పష్టము. తెలుఁగువారు కొక్కొరోకో యందురు. తమిళులు కొక్కరక్కో యందురు. హిందీవారి 'కుకడూకూ'లో ఉకారము కలదు. ఫ్రెంచివారు కొకొరికో యనియు, జపానువారు కొకెకొక్కో యనియు, ఆంగ్లేయులు కాక్-ఎ-డూడిల్-డూ అనియు ననుకరింతురు. జర్మనుల యనుకరణము కికెరికీ. ఇచటనే ప్రకృతవిచారమునకుఁ బ్రాణమున్నది. ఇకారమును విడిచి ఉకారమును గ్రహించుటకుఁ గోడికూఁత హేతువని కదా ప్రతిజ్ఞ? జర్మనుల చెవికి అదే కూఁతలో మొదట హ్రస్వమైన ఇకారము, తుదను దీర్ఘమైన ఇకారము వినఁబడుచున్నవి. హేతువు సాధ్యమును, దాని విరుద్ధమును గూడ సమముగా సాధించుచున్నది. అట్టిదానిని తార్కికు లేమందురో చెప్పనక్కఱలేదు.

కోళ్లే దేశమునకొక విధముగాఁ గూయుచుండవచ్చును గదా యని యొక శంక పుట్టవచ్చును. జాతినిబట్టి కూఁత నిడివిలోఁ గొంత భేదము కలదు కాని, మనుష్యులు భాషను నేర్చినట్లు కోడి కూఁతను ఇరుగుపొరుగువలన నేర్చునది కాదు. చెవుడు కలిగింపఁబడిన కోడిపిల్లలు గూడఁ బెరిగి తమ జాతికి సహజమైన కూఁతలనే కూసినవని కొనిషి యను శాస్త్రజ్ఞుఁడు 1963లోఁ బ్రకటించెను. కూఁత పుట్టుకతో వచ్చినది, అనుకరణము భాషతో వచ్చినది. జర్మనుకోడిని దెచ్చి గోదావరితీరమున విడిచినను దాని కూఁత మాఱదు. ఇచటి పిల్లలు మాత్రము దానిని కొక్కొరోకో యనియే యనుకరింతురు.

నిడివినిగూర్చియు నొకమాట. ఊరికోడి కూఁత సామాన్యముగా నాలుగు ఖండములుగా వినఁబడును. తుదిభాగము సాగును. ఊరికోళ్లకు మూలజాతియైన యెఱ్ఱ అడవికోడి కూఁత యట్లు కాక, తుదను దటాలునఁ దెగిపోవును. కావునఁ బ్లుతము కావలసినచో గ్రామ్యకుక్కుటమునే యడుగవలెను, ఆరణ్యకుక్కుట మీయదు. గ్రామ్యకుక్కుట మభక్ష్యమనఁగా నారణ్యము భక్ష్యమని తెలియునని పస్పశాహ్నికమున వేఱు సందర్భమునఁ జెప్పఁబడిన విభాగ మిచట నీ విధముగా నక్కఱకు వచ్చుట వింతయే.

శిక్షాకారులు మాత్రాకాలమునకుఁ జూపిన దృష్టాంతములలోఁ గోడి లేదనుటయు గమనింపవలెను. పాణినీయశిక్షలో ఏకమాత్రకుఁ జాషము, ద్విమాత్రకు వాయసము, త్రిమాత్రకు నెమలి, అర్ధమాత్రకు ముంగిస చెప్పఁబడినవి. మాత్ర సాపేక్షము. దీనికంటె నది రెట్టింపనియే తెలియవలెను. నాలుగు ప్రాణులు నాలుగు చోట్ల నాలుగు వేళలఁ గూసినచో శిష్యుఁ డెట్లు పోల్చును? ఒక్క ఊపిరిలోనే కుఱుచయు నిడుదయు నగు ధ్వనులను వినిపించు కోడి యీ విషయమున వానికంటె మేలైన దృష్టాంతము. ప్రసిద్ధసమాధానమున నిలువఁదగిన భాగ మిదియే. కోడి దృష్టాంతముగా నిలుచును, హేతువుగా నిలువదు. ఈ రెంటి భేదమును మఱచుటయే దోషము.

కోడిపేళ్లలో అమరుఁడు చెప్పిన కృకవాకు, తామ్రచూడ, కుక్కుట, చరణాయుధములలో రెండు దాని కూఁతనుబట్టి యేర్పడినవి. కుక్కుటశబ్దమున ననుకరణము స్పష్టము. కృకవాకుశబ్దమున వివాదము కలదు. కృకమనఁగా గళము, దానితోఁ బలుకునది కృకవాకువని ఉణాదివ్యుత్పత్తి. యాస్కుఁ డట్లు చెప్పలేదు. పూర్వభాగము శబ్దానుకరణము, ఉత్తరభాగము వచధాతువువలనఁ గలిగినది అని నిరుక్తము 12వ యధ్యాయమున విభజించెను. ధ్వని ఉరస్సునఁ బుట్టుచుండఁగా గళమునకుఁ గర్తృత్వ మిచ్చుటకంటె, వినఁబడిన ధ్వనినే పేరుగాఁ జెప్పిన యాస్కుని మార్గమే మేలు. ఔపమన్యవుఁడు శబ్దానుకృతియే లేదని కాకశబ్దమునకు సైతము ధాతువును వెదకిన సంగతియుఁ దెలిసినదే. ఆయన పట్టుదల మెచ్చఁదగినది కాని కాకికూఁత విన్న తరువాత దానిని నమ్ముట కష్టము.

నిరుక్తమున నా స్థలముననే, కోడి యేల కూయును అను ప్రశ్నకును ఉత్తరము దొరకును. అశ్వమేధపశుగణనలో వాజసనేయసంహిత 24వ యధ్యాయమునఁ గృకవాకువు సవితృదేవతాకముగాఁ జెప్పఁబడినది. ఏ సామ్యమునుబట్టి యని యడిగి, కాలానువాదమునుబట్టి యని యాస్కుఁ డుత్తరమిచ్చెను. సవితృకాలమనఁగా మీఁద నాకాశమునఁ జీఁకటి తొలఁగి కిరణములు వ్యాపించినను, క్రింద భూమిపైఁ జీఁకటి యుండు వేళ. ఇచట విమర్శింపఁదగిన పదము 'అనువాదము'. ప్రమాణాంతరముచేఁ దెలిసినదానిని మరలఁ జెప్పుట యనువాదము. వెలుఁగు వచ్చినపిదపఁ గోడి కూసినచో నది యనువాదమగును. కాని కోడి వెలుఁగునకు ముందే కూయును. అప్పటికిఁ గాలము తెలుపు ప్రమాణమేది? తెలియనిదానిని దెలుపుట విధివంటిది కావలెను కాని యనువాద మెట్లగును?

ఈ శంకకుఁ బరిహారము మన కాలమున దొరకినది. జపానుదేశమున నగోయా విశ్వవిద్యాలయమునకుఁ జెందిన షిమ్మురా, యోషిమురా యను శాస్త్రజ్ఞులు 2013లోఁ దమ పరిశోధనను బ్రకటించిరి. పండ్రెండుగంటలు వెలుఁగును, పండ్రెండుగంటలు మసక వెలుతురును గల గదులలో నుంచిన పుంజులు, దీపములు వెలుఁగుటకు రమారమి రెండుగంటలముందే కూయ నారంభించినవి. పిమ్మట రేయింబవళ్లు మసక వెలుతురే యుండునట్లు చేసినను, ఆ కూఁతలు కొన్నినాళ్లదాఁక ఇంచుమించు 23.8 గంటలకొకమాఱు తప్పక తిరిగి వచ్చుచుండెను. క్రమముగా మాత్రము సడలినవి. వెలుఁగును జూపినను, వేఱొక కోడికూఁతను వినిపించినను బుంజులు కూయును కాని, ఆ ప్రేరణములకును వేఁకువవేళనే బల మెక్కువ. కాలము మొదట కోడిదేహముననే తెలియఁబడుచున్నది. కూఁత దానిని మరలఁ జెప్పుచున్నది. కావునఁ బ్రమాణము బయట లేకున్నను లోపల నున్నది. యాస్కుని 'అనువాద'పదము అక్షరాల సరిపోయినది.

(అహల్యాకథను జానపదులు చెప్పునప్పుడు ఇంద్రుఁడు కోడియై నడిరేయిఁ గూసి గౌతముని నదికిఁ బంపెనందురు. వాల్మీకిరామాయణమున నా కోడి లేదు. మూలము లేని యనుకరణమునే యనువాదముగా గ్రహించుటవలని యనర్థమును జెప్పినవారు మాత్రము శబ్దస్వభావము నెఱిఁగినవారే.)

కాలానువాద మొక్కటియే కూఁతకుఁ బ్రయోజనము కాదు. పగలును, రాత్రియు నితరవేళలఁ గూడఁ బుంజులు కూయును. ఈ గూడు నాది, ఈ పెట్టలు నావి, ఇటు రావలదు అని తోడి పుంజులకుఁ దెలుపుటయు నా కూఁతయే. శతపథబ్రాహ్మణమున యజ్ఞాయుధమును గుక్కుటముగా సంబోధించు మంత్రమును వివరించుచు, అది దేవతలకు మధుజిహ్వము, అసురులకు విషజిహ్వము అని చెప్పఁబడినది. పెట్టలకును, ప్రతిపక్షపు పుంజులకును ఒక్కకూఁతయే యెట్లు వినఁబడునో దీనికంటె మేలుగాఁ జెప్పుట కష్టము. చరణాయుధ మను పేరు గలదానికి వాగాయుధమును గలదు.

షిమ్మురా ప్రభృతులు 2015లోఁ బ్రకటించిన మఱియొక విషయము 1-3-48 సూత్రమునకు సంబంధించినది. ఒక్క గుంపునఁ బెరిగిన పుంజులలో వేఁకువను మొదటఁ గూయునది పెత్తనము గల పుంజు. పిదపఁ దక్కినవి తమ తమ తరమును బట్టి వరుసగాఁ గూయును. మొదటిదానిని దొలఁగించినచో రెండవది యారంభించును. కలిసి పలుకుట సూత్రమునఁ గోరఁబడినది. కోళ్లు వంతులవారిగాఁ గూయునేని రెండవ యంగమును లోపించి ప్రత్యుదాహరణము చెడునని యొకఁ డాక్షేపింపవచ్చును, ప్రత్యుదాహరణమున నొక్క యంగమే కొఱవడవలెను గనుక. కాని వరుస యొక్క గుంపులోనిది. ఊరిలోఁ బెక్కిండ్ల పెక్కు గుంపుల కూఁతలు వేఁకువను గలిసియే వినఁబడును. ప్రత్యుదాహరణమునకు బాధ లేదు.

వ్యక్తవాక్కు అనఁగా వర్ణవ్యక్తియే గ్రాహ్యమని పతంజలి చెప్పుటలోని సూక్ష్మత యింకొకటి కలదు. అర్థము వ్యక్తమగు వాక్కు వ్యక్తవాక్కని చెప్పియుండినచో నేమగును? కోళ్లకు రమారమి యిరువదినాలుగు విధముల కూఁతలు కలవని వాని నడవడిని బరిశీలించినవారు లెక్కించిరి. ఆకాశమున డేగను జూచిన పుంజు సన్నగా సాగు నొక కూఁత కూయును. నేలపైఁ గుక్కయో నక్కయో వచ్చినచోఁ దెగి తెగి వినఁబడు వేఱొక కూఁత కూయును. ఈ కూఁతలను యంత్రములయందుఁ బట్టి పెట్టలకు వినిపింపఁగా, మొదటిది విన్న పెట్టలు చాటునకుఁ బరుగెత్తియో నక్కియో పైకిఁ జూచినవి. రెండవది విన్నవి నిటారుగా నిలిచి చుట్టును బరికించినవి. డేగ లేదు, కుక్క లేదు, శబ్దమువలననే యర్థము తెలియఁబడినది. ఎవాన్సు, మార్లరు మొదలగువారు 1993లో దీనిని బ్రకటించిరి. ప్రక్కను బెట్ట లేనిచోఁ బుంజు డేగను జూచియు నా కూఁత కూయుట తక్కువయని యంతకుముందే తేలినది. మేఁత దొరకినప్పుడు పెట్టలను బిలుచు కూఁతయు వేఱుగాఁ గలదు. దూరముననున్న పెట్టను రప్పించుటకు మేఁత కానిదాని యెదుటను బుంజు అట్లు పిలుచుట కలదు. అనృతము పలుకుటకు సైతము వర్ణము లక్కఱలేదన్నమాట! అర్థవ్యక్తిని లక్షణముగాఁ బెట్టుకొన్నచోఁ గోళ్లు వ్యక్తవాక్కులలోఁ జేరి 'సంప్రవదంతే' యనవలసి వచ్చెడిది. వర్ణవ్యక్తిని లక్షణముగాఁ జేసిన భాష్యకారుని యెచ్చరిక యిట్టిది.

ఇఁక బోధన విషయము. ఊకాలసూత్రమును జెప్పునప్పుడు, కోడి ఉకారమును మూఁడు కాలములఁ బలుకుననుట మాని, కోడి ననుకరించు జనులు ఉకారమును మూఁడు కాలములఁ బలుకుదురని చెప్పినచో భాష్యవిరోధము తొలఁగును. అనుకరణము మనుష్యవాక్కు కావున నందు వర్ణములు వ్యక్తములే. సంస్కృతభాషావ్యవహర్తలకుఁ గుక్కుటాదిశబ్దములవలన నా యనుకరణమున ఉకారమే పరిచితము. ప్రసిద్ధి యనునది కోడియందుఁ గాక భాషయందుఁ గలదు.

తెలుఁగు బాలునికడ నింకొక చిక్కు కలదు. వాని యనుకరణమున ఉకారమే లేదు, ఒకారము కలదు. సంస్కృతమున ఏకార ఓకారములకు హ్రస్వములు లేవు. తెలుఁగున నవి కలవని బాలవ్యాకరణము (1858) మొదలుగా నెల్లరును జెప్పినదే. కుక్కుకూ యని బలవంతముగా ఉకారమును బలికించి చూపు నధ్యాపకుఁడు, బాలుఁ డెఱిఁగిన కోడిని విడిచి యెఱుఁగని కోడిని దెచ్చుచున్నాఁడు. దానికంటెఁ గొక్కొరోకో యనియే పలికించుట మేలు. అందు మొదటి రెండచ్చులు హ్రస్వములు, మూఁడవది దీర్ఘము, తుదిదానిని బుంజువలె సాగఁదీసినచోఁ బ్లుతము. మొదటి యచ్చు హ్రస్వమయ్యు, ముందు ద్విత్వముండుటవలన గురువు. రెండవది హ్రస్వమును లఘువును. హ్రస్వమే లఘువని భ్రమపడు బాలునకు నొక్క కూఁతలో రెండును వేఱని చూపవచ్చును. సంస్కృతమున హ్రస్వ ఒకార మెక్కడిదని యెదుగుచున్న శిష్యుఁ డడిగినచో, సామగులలో సాత్యముగ్రులును, రాణాయనీయులును అర్ధ ఏకార ఓకారములను బఠింతురని భాష్యమునఁ బ్రత్యాహారాహ్నికమునందు చెప్పఁబడిన స్థలమును వానికిఁ జూపవచ్చును.